ఇద్దరు బ్యాటర్ల ఆలస్యం

ఈ అక్టోబర్‌లో కూడా మా బేస్‌బాల్ టీమ్ ప్లేఆఫ్స్‌లో ఓడిపోయింది. మర్నాడు పొద్దున ఆఫీస్‌కి వెళ్తూ కార్‌లో, ఫోన్ ద్వారా న్యూజెర్సీ స్పోర్ట్స్ రేడియో పెట్టుకున్నాను. న్యూజెర్సీ వదిలి క్యారీకి మారి ఏడేళ్ళవుతున్నా ఆ ఒక్క అలవాటు వదల్లేదు. రేడియోకి ఫోన్ చేసి లైన్‌లోకి వచ్చిన మొదటి మనిషి గొంతు బొంగురుపోయి ఉంది, ఆట చూస్తూ టీవీ మీద అరిచినట్టున్నాడు. మేనేజర్‌ని ఈ రోజే తీసేయాలి, అలసిపోయిన పిచర్‌ని ఇద్దరు బ్యాటర్ల పాటు అనవసరంగా ఉంచాడు, అని ఒకటే గోల. ఆ బొంగురు గొంతు వింటూ ఎటో వెళ్ళిపోయాను. పచ్చ సిగ్నల్ పడిందని వెనక కారువాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు. ఇంచుమించు అవే మాటలు నేనొకసారి రాశాను. బేస్‌బాల్ మేనేజర్ గురించి కాదు, సుందరరావు గారి గురించి.

సుందరరావు గారు ఈ దేశంలో నా మొదటి బాస్. ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక మందుల కంపెనీలో పన్నెండు మంది ఉన్న మా టీమ్‌కి ఆయన మేనేజర్. కొత్త మందును రోగుల మీద పరీక్షించినప్పుడు వచ్చే సమాచారాన్ని పట్టికలుగా తయారు చేయడం మా పని. ఆయనది నరసాపురం. సన్నగా, పొడుగ్గా, మంచు కురుస్తున్నా పొట్టి చేతుల చొక్కాతోనే తిరిగేవారు. మా తెలుగు చర్చిలో ప్రార్థన చేయమంటే రెండు నిమిషాల్లో ముగించే ఏకైక పెద్దమనిషి ఆయనే, అందుకే పిల్లలందరికీ ఆయనంటే ప్రాణం. ఆఫీస్‌లో అందరూ ‘సుందర్’ అని పిలిచేవాళ్ళు. నాకు ఆ పిలుపు నోటికి రాలేదు. ఆయన భార్య కమల గారిని వారం తిరక్కుండా ఆంటీ అనేశాను గానీ, బాస్‌ని అంకుల్ అనడానికి ధైర్యం చాల్లేదు. చివరిదాకా పేరూ వరసా లేకుండా ‘అండీ’తోనే నెట్టుకొచ్చాను.

బేస్‌బాల్ నాకు పరిచయం చేసింది ఆయనే. “వచ్చిన కొత్తల్లో ఆఫీస్‌కి గంటన్నర డ్రైవ్ ఉండేదమ్మా. రేడియోలో ఆట చెప్పేవాడి ఇంగ్లీష్ పట్టుకుందామని వినడం మొదలెట్టాను. ఇంగ్లీష్ వచ్చింది, ఆట మాత్రం వదల్లేదు” అనేవారు. క్రికెట్ తప్ప మరో ఆట మొహం చూడని నాకు కాగితం మీద గీతలు గీసి మరీ నేర్పారు. బంతి విసిరేవాడు పిచర్. వాడి చెయ్యి అలసిపోయిందని కనిపెట్టి, దెబ్బ తినకముందే ఇంకొకణ్ణి దించాల్సింది బయట కూర్చున్న మేనేజర్. “ఆట మొత్తానికి కష్టమైన పని అదేనమ్మా. ఇద్దరు బ్యాటర్ల ముందు తీస్తే పిరికివాడంటారు, ఇద్దరు బ్యాటర్ల తర్వాత తీస్తే చేతకానివాడంటారు” అన్నారు. మిగతాదంతా మర్చిపోయినా ఆ ‘ఇద్దరు బ్యాటర్ల’ లెక్క మాత్రం నా నాలుక మీద ఉండిపోయింది.

నేను చేరిన ఎనిమిదో నెలలో ఒక పెద్ద తప్పు చేశాను. ఒక రోగి మధ్యలో ఊరు మారి ఇంకో ఆస్పత్రి నుంచి పరీక్షలో కొనసాగితే, ఆ మనిషిని ఇద్దరిగా లెక్కపెట్టాను. దాంతో మూడు పట్టికలు తప్పాయి. డాక్టర్లందరూ ఉన్న మీటింగ్‌లో, పెద్ద తెర మీద అది బయటపడింది. నాకు తల కొట్టేసినట్టయింది. పైగా నేను కాంట్రాక్ట్ మీద ఉన్నాను, ఆ కాంట్రాక్ట్ ఆరు వారాల్లో ముగుస్తుంది. పొడిగించకపోతే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా వీసా పోయి పెట్టె సర్దుకోవాలి. మీటింగ్ అవగానే ఆయన నన్ను పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు.

“తప్పులు మూడు. చెప్తాను, విను. మధ్యలో సారీ అనకు” అన్నారు. “మొదటిది, ఒక పేషెంట్‌ని రెండుసార్లు లెక్కపెట్టావు. అది అందరం చేస్తాం. రెండోది, చెక్ చేయమని శ్రీనివాస్‌కి ఇచ్చావు గానీ, చేశాడో లేదో అడగలేదు. మూడోది, నిన్న సాయంత్రమే నీకు డౌట్ వచ్చింది. పొద్దున నీ మొహం చూస్తేనే తెలిసింది. అయినా నా దగ్గరికి రాలేదు. నాకు కోపం వచ్చింది ఆ మూడోదానికే.”

“నన్ను పంపేస్తారాండీ?” అని అడిగాను.

“పంపేసేటట్టయితే ఆ మాట కూడా ఇక్కడే, నీ మొహం చూసి చెప్పేవాణ్ణి. పద, అన్నం టైమయింది.”

ఆ రోజు క్యాంటీన్‌లో ఆయన ఎదురుగా కూర్చుని పెరుగన్నం తింటూ నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం ముందు రోజు ఆటలో, మన వికెట్ కీపర్‌లా వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ చేసిన పొరపాటు గురించి చెప్పుకుంటూ పోయారు. నా కాంట్రాక్ట్ పొడిగించారు. రెండేళ్ళకు కంపెనీ ఉద్యోగిగా తీసుకున్నారు. తిట్టినా ఇంత ధైర్యం ఇచ్చే మనిషి ఉంటాడని నాకు అంతకుముందు తెలియదు.

ఆయన ఇంట్లో ఏటా ఒక తంతు జరిగేది. మా టీమ్ ప్లేఆఫ్స్ నుంచి బయటికొచ్చిన వారం, శనివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచేవారు. దానికి ‘పోస్ట్‌మార్టమ్’ అని పేరు. ఆంటీ చేపల పులుసు పెట్టేవారు. సుందరరావు గారు, శ్రీనివాస్, నేను ఎప్పుడూ ఉండేవాళ్ళం. శ్రీనివాస్‌ది కరీంనగర్, మా ఆఫీస్ టీమ్‌లోనే నాకంటే సీనియర్. ఇంగ్లీష్ పేర్లు తిరగవని ఆటగాళ్ళందరికీ తెలుగు పేర్లు పెట్టేశాడు. ముప్పై ఏడేళ్ళ పిచర్ ‘పెద్దాయన’, క్యాచర్ ‘గడ్డపాయన’. ఎవరి కాంట్రాక్ట్ అయిపోయింది, ఎవరికి ఎన్నేళ్ళివ్వాలి, మేనేజర్‌ని ఉంచాలా తీసేయాలా అని, ఆ టీమ్ మా తాతల ఆస్తి అయినట్టు కొట్టుకునేవాళ్ళం. దేనికైనా ఒక్క నియమం ఉండేది. ఫలానావాణ్ణి పంపేయాలి అని ఎవరన్నా సరే, టేబుల్ చివరనున్న కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా ఇంకొకరు ఆ ఆటగాడిలా కూర్చుంటారు. వాళ్ళ మొహం చూసి ఆ మాట చెప్పాలి.

నేను వెళ్ళిన మొదటి ఏడాదే శ్రీనివాస్ దొరికిపోయాడు. “పెద్దాయనకు ఇంక రెండేండ్ల కాంట్రాక్ట్ ఎందుకు సార్? ఆయన బాల్ ఏస్తే మా అమ్మమ్మ గూడ కొడ్తది. పంపియ్యాలె” అన్నాడు.

“అయితే కూర్చో” అన్నారు సుందరరావు గారు.

“అగో, మల్ల కుర్చీనా!” అంటూనే వెళ్ళి కూర్చున్నాడు. పెద్దాయన వేషం నాకు పడింది. శ్రీనివాస్ గొంతు సవరించుకున్నాడు. “పెద్దాయనా, ఇన్నేండ్లు మస్తుగ ఆడినవ్. గానీ ఇగ...” అని ఆగాడు. నేను కావాలనే తల దించుకుని, “మా పిల్లలు ఇక్కడే స్కూల్‌కి పోతున్నారు సార్” అన్నాను. వాడు లేచి నిలబడ్డాడు. “నాతోని కాదు. ఇంకొక్క ఏడాది ఇద్దాం తీయ్!” అన్నాడు. ఆంటీ గరిట పట్టుకుని మరీ నవ్వారు. సుందరరావు గారు కూడా నవ్వి, ఆ తర్వాత అన్నారు: “అంటే నీకు పంపాలని లేదు శ్రీనూ. కోపం తీర్చుకోవాలని ఉందంతే. అవి రెండూ వేరు.”

ఇదంతా ఆట కోసం పెట్టిన ఆట కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. నేనున్నన్నాళ్ళలో ఆయన ఇద్దర్ని టీమ్ నుంచి పంపారు. ఇద్దరికీ ఆయనే, గదిలో కూర్చోబెట్టి, కారణంతో సహా చెప్పారు. అందులో ఒకాయన ఆ క్రిస్మస్‌కి కేక్ తీసుకుని సుందరరావు గారింటికి వచ్చాడు కూడా. తను పంపేసిన మనిషే కేక్ పట్టుకుని ఇంటికొచ్చేంత మేనేజర్‌ని నేను మళ్ళీ చూడలేదు.

నాలుగో ఏడాది మా టీమ్‌లోకి రవి అని ఒకతను కాంట్రాక్ట్ మీద వచ్చాడు. చేరిన నెలకే వాళ్ళావిడకు నెలలు నిండకుండా కాన్పయింది. బిడ్డ వారాల తరబడి ఆస్పత్రిలోనే ఉంది. రవి శరీరం ఆఫీస్‌లో, ప్రాణం అక్కడ. అతను చేసిన ప్రతి పట్టికా తప్పుల తడకే. అవన్నీ దిద్దే పని నాకు పడింది. మొదటి నెల జాలిపడ్డాను. రెండో నెల ఓర్చుకున్నాను. మూడో నెల నుంచి అతను గుడ్ మార్నింగ్ అన్నా నాకు ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఊరందరికీ తెలుసు, తెలియాల్సిన మనిషికి మాత్రం చెప్పను. ఒక్కసారి ఆయన గది దాకా వెళ్ళి, “రవి పని గురించి...” అన్నాను. “తెలుసమ్మా. ఈ నెల కూడా చూద్దాం” అన్నారు. నేను ‘సరేనండీ’ అని తలూపి వచ్చేశాను. వచ్చి శ్రీనివాస్ దగ్గర అరగంట ఏకరువు పెట్టాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆయన తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చానో నాకే గుర్తులేదు. నన్ను కాపాడిన మనిషి ముందు కూర్చుని, ఇంకొకణ్ణి కాపాడొద్దని ఎలా చెప్తాం?

ఆ సెప్టెంబర్‌లో పైన కొత్త డైరెక్టర్ వచ్చాడు. మీ మేనేజర్ గురించి మీ అభిప్రాయం రాయండి, పేరు బయటికి రాదు అని అందరికీ ఒక ఫారమ్ పంపాడు. ఆ మధ్యాహ్నం రవి పట్టికను మూడోసారి దిద్ది ఉన్నాను, ఆకలి మీద ఉన్నాను. మొదట ‘చాలా మంచి మనిషి’ అని రాశాను. ఆ కిందే, అలసిపోయిన పిచర్‌ని ఇద్దరు బ్యాటర్ల పాటు ఎక్కువ ఉంచుతారు, దాని ఫలితం టీమ్ మొత్తం అనుభవిస్తుంది, అని రాశాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ వాక్యం భలే కుదిరిందని మురిసిపోయాను. బటన్ నొక్కి లంచ్‌కి వెళ్ళాను.

అక్టోబర్ మొదటి వారంలో సుందరరావు గారు మమ్మల్నందర్నీ పిలిచారు. కూర్చోకుండా నిలబడే చెప్పారు: “డిపార్ట్‌మెంట్ తగ్గిస్తున్నారు. ఈ శుక్రవారం నా ఆఖరి రోజు. రవి కాంట్రాక్ట్ కూడా పొడిగించలేదు, అతనికి పొద్దునే చెప్పాను. మిగతావాళ్ళ ఉద్యోగాలకు ఏం భయం లేదు, అది అడిగి తెలుసుకున్నాను.” అందర్నీ ఒక్కలాగే చూశారు. నన్ను కూడా. పార్కింగ్ లాట్‌లో శ్రీనివాస్ నా పక్కకొచ్చాడు. “అభిప్రాయాలన్నీ ఆ డైరెక్టర్ మన సార్ ముంగటనే సదివి వినిపిచ్చిండంట. ఎవడో పిచర్, ఇద్దరు బ్యాటర్లు అని రాసిండంట గదా...” అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు. అలాంటి మాట అమెరికాలో ఎవరైనా అనొచ్చు. కానీ మా పన్నెండు మందిలో ఆ భోజనాల టేబుల్ దగ్గర కూర్చున్నది ముగ్గురమే. అందులో ఒకరు ఆ మాట చదువుతుంటే విన్న మనిషి, ఇంకొకడు నా ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పేరు రాయని కాగితం మీద నేను చక్కగా సంతకం పెట్టి పంపించాను.

ఆ వారమే మా టీమ్ ప్లేఆఫ్స్ నుంచి బయటికొచ్చింది. ఇక పోస్ట్‌మార్టమ్ ఉండదనుకున్నాను, ఉన్నా వెళ్ళకూడదనుకున్నాను. శనివారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. “చేపలు తెచ్చేశానమ్మా కరుణా. నువ్వు రాకపోతే ఎవరు తింటారు?” అన్నారు. ఆవిడకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. వెళ్ళాను.

గడ్డపాయన కాంట్రాక్ట్ గురించి మాట్లాడుకున్నాం. పెద్దాయన రిటైరవడం గురించి మాట్లాడుకున్నాం. మేనేజర్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. శ్రీనివాస్ అన్నంలో ముళ్ళు వెతుకుతున్నట్టు తలొంచుకునే ఉన్నాడు. చివరికి సుందరరావు గారే అన్నారు: “మేనేజర్ సంగతి ఎవరూ అనరేంటి? ఊరంతా అదేగా గోల. సరే, నేనంటున్నాను, పంపేయాలి.” లేచి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. “కరుణా, నువ్వు మేనేజర్‌వి. ఇలా రా.”

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆయన నా మొహంలోకి చూస్తూ మామూలు గొంతుతో మొదలుపెట్టారు.

“మీకు ఒక మాట చెప్పాలి. నాకు కష్టంగా ఉంది, మీకూ ఉంటుంది. మీ పిచర్ అలసిపోయాడు. అది మీకూ కనిపిస్తోందని నాకు తెలుసు. ఇంటి దగ్గర అతని కష్టం చూసి మీరు ఉంచుతున్నారు. కానీ ఆ బరువు నా మీద పడుతోంది. నాలుగు నెలలైంది, ఇక మోయలేను. మీరంటే గౌరవం లేక కాదు, ఉంది కాబట్టే మీ దగ్గరికొచ్చి చెప్తున్నాను.”

టీమ్ ఓనర్ తన మేనేజర్‌తో అనే మాటలు కావవి. అవి నా మాటలు. నెలల తరబడి ఆయన తలుపు దాకా మోసుకెళ్ళి, చెప్పకుండా వెనక్కి తెచ్చుకున్న మాటలు. వాటిని ఆయన నా వైపు నుంచి, నాకంటే బాగా చెప్పారు. “అంతేనమ్మా. నిమిషం కూడా పట్టలేదు” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. వంటింట్లోంచి ఆంటీ, “ఏంటండీ, అన్నం తినే పిల్లని ఏడిపిస్తారూ?” అని కేకేశారు.

వెళ్ళేటప్పుడు కార్ దాకా వచ్చారు. “నేనే రాశానండీ” అన్నాను.

“తెలుసు.”

“నా వల్లే మీ ఉద్యోగం...”

“అంత గొప్ప నీకు వద్దు. నా పేరు అంతకుముందే లిస్ట్‌లో ఉంది” అని కొంచెం నవ్వారు. “నువ్వు రాసింది నిజమే. రవి విషయంలో ఆలస్యం చేశాను. దానివల్ల అతనికీ మేలు జరగలేదు, నువ్వూ నలిగిపోయావు. కాకపోతే నీ నోటితో వినుంటే బాగుండేది. ఎవడో చదువుతుంటే, అది నీ మాటేనని తెలిసి కూడా జవాబు చెప్పే వీల్లేకుండా పోయింది.”

“మొదటి ఏడాది నన్ను కూడా జాలితోనే ఉంచారు కదండీ. ఆ సంగతి మర్చిపోయి రాశాను.”

ఆయన మొహంలో మొదటిసారి నొప్పి కనిపించింది. “నిన్ను జాలితో ఉంచాననుకున్నావా ఇన్నాళ్ళూ? పనికొస్తావని ఉంచానమ్మా.”

ఆ తర్వాత ఆయనకు ఒహాయోలో ఉద్యోగం దొరికింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, కాంట్రాక్ట్ మీద. నేను క్యారీకి వచ్చేశాను. ఏటా మా టీమ్ ఓడిన మర్నాడు మధ్యాహ్నం తప్పకుండా ఫోన్ చేసేవారు. “ఈసారి ఎవర్ని పంపుదామమ్మా?” అని నవ్వుతూ మొదలుపెట్టేవారు. గంట సేపు కొట్టుకునేవాళ్ళం. నాలుగేళ్ళ క్రితం వేసవిలో, చర్చి నుంచి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదని ఆంటీ ఫోన్ చేశారు. ఆ అక్టోబర్‌లో టీమ్ ఓడిన మర్నాడు, రాదని తెలిసి కూడా, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ ఆట గురించి వాదించడానికి మనుషులు బోలెడంతమంది దొరుకుతారు. నాకు కావలసింది వాదన కాదు. “పంపేయాలా? అయితే కూర్చో” అనే ఆ ఒక్క గొంతు కావాలి.

ఇప్పుడు నా కింద తొమ్మిది మంది పనిచేస్తున్నారు. అందులో ఒక పెద్ద వయసాయన కొంతకాలంగా వెనకబడ్డాడు. భార్యకు ఒంట్లో బాగుండదు. నేను నెలనెలా ‘ఈ నెల చూద్దాం’ అనుకుంటూ వచ్చాను. పోయిన నెల హారిక అనే అమ్మాయి నా గది ముందు నిలబడింది. టీమ్‌లో అందరికంటే చిన్నది, వచ్చి ఏడాది కాలేదు, వీసా కాగితాలకు నా సంతకం కావాలి. “టూ మినిట్స్ మాట్లాడొచ్చా కరుణ గారూ? మీకు కోపం రావచ్చు” అంది. కూర్చుని, చేతివేళ్ళు నలుపుకుంటూ చెప్పింది. “ఆయన వర్క్ కూడా నేనే చేస్తున్నా. మీకు తెలుసు. తెలిసి కూడా మీరేం చేయట్లేదు. నాకిది ఫెయిర్‌గా అనిపించట్లేదండీ.”

నాకు చెవులు వేడెక్కాయి. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు నేర్పడమా అనిపించింది, ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. “నువ్వన్నది నిజం. రేపే ఆయనతో మాట్లాడతాను. నా దగ్గరికే వచ్చి చెప్పినందుకు థాంక్స్” అన్నాను. ఆ అమ్మాయి ఊపిరి వదిలి, లేచి వెళ్ళిపోయింది. ఎంత గుచ్చుకుందో చెప్పలేను. అయినా నా కోపానికి, నా సంతకానికి భయపడకుండా ఆ పిల్ల నా ఎదురుగా వచ్చి కూర్చుందంటే, నన్ను నమ్మిందన్నమాట. సుందరరావు గారిని నేను ఆపాటి కూడా నమ్మలేదు కదా అని, ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని ఏడ్చాను.